గడువు లేని మాట

నుదుటికి పట్టీ బిగిస్తుంటే నూకరత్నం నవ్వింది.

"గట్టిగా ఉందా?" అని అడిగాడు సుందరరావు.

"లేదండి. పెళ్లిలో బాసికం కట్టినట్టుందండి."

సుందరరావుకు నవ్వే ఓపిక లేదు. ఉప్పాడ రోడ్డు మీదున్న ఆ రొయ్యల ఫ్యాక్టరీలో అతను షిఫ్ట్ ఇన్‌చార్జి. పొద్దుటి నుంచి ఫోన్లకు జవాబు చెప్పి గొంతు ఎండిపోయి ఉంది. అన్ని ఫోన్లూ నూకరత్నం గురించే. ఆమె కంప్రెసర్ గదిలో ఆపరేటరు. రొయ్యల్ని గడ్డకట్టించే యంత్రాలకు చలినిచ్చే అమ్మోనియా గొట్టాలను కనిపెట్టుకుని ఉండడం ఆమె పని. ముందురోజు ఏదో ఘాటు వాసన తగిలిందని గ్యాసునూ యంత్రాలనూ ఒక్కసారే ఆపే ఎర్ర మీట నొక్కి లైనంతా ఆపేసింది. తీరా చూస్తే అది నేల కడగడానికి పోసిన బ్లీచింగు. ఈలోగా ఓడకెక్కాల్సిన సరుకు మెత్తబడిపోయింది.

కంపెనీ నియమాల్లో తప్పుకు నాలుగు మెట్లున్నాయి. మొదట నోటిమాట. మళ్లీ చేస్తే కాగితం మీద హెచ్చరిక. ఆ తర్వాత కొన్నాళ్లు ఇంటి దగ్గర కూర్చోబెట్టడం. చివరిది తీసేయడం. ఈ పట్టీ వచ్చాక మొదటి మెట్టు దాటినవాళ్లు లేరు. పట్టీ మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలిగి ఉన్నంతసేపు చెవిన పడిన మాట ఇక పాతబడదు. ఎన్నాళ్లయినా సరే, అలాంటి సందర్భం ఎదురైతే అప్పుడే అన్నంత తాజాగా, అదే గొంతుతో తలలో వినిపిస్తుంది. మనిషి మర్చిపోడు గనక తప్పు మళ్లీ చేయడు.

సుందరరావు దీపం వెలిగించాడు. ఎలా చెప్పాలో మేనేజరు నేర్పించాడు. మెల్లగా, మర్యాదగా, ఒకే ఒక్క వాక్యం.

"నూకరత్నం, నన్ను అడక్కుండా లైను ఆపకు."

అక్కడితో దీపం ఆర్పేయాలి. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మళ్లీ మోగింది. అతనికి తల వాచిపోయినట్టయింది.

"అసలు నీకేం తెలుసని ఆపావు? ఆపడానికి నువ్వెవరు?" అని అరిచాడు.

నూకరత్నం ముఖంలో నవ్వు పోయింది. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

సుందరరావు చెడ్డవాడు కాదు. పట్టీ రాకముందు అతను చాలామందిని నాలుగో మెట్టు దాకా తీసుకెళ్లి బయటికి పంపాల్సి వచ్చింది. పంపిన రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. గంగాధరం అనే ప్యాకింగు మనిషి ఉద్యోగం పోయాక కూడా యూనిఫాం వేసుకుని గేటు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. అతన్ని తప్పించుకోవడానికి సుందరరావు వెనక గేటు నుంచి వెళ్లేవాడు. అందుకే పట్టీ గురించి విన్న రోజు భార్య సీతామహాలక్ష్మితో, "ఇంక నా చేత్తో ఎవరి పొట్టా కొట్టక్కర్లేదే," అన్నాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు.

నూకరత్నానికి మొదట్లో ఏమీ కాలేదు. డ్యూటీలో ఎర్ర మీట వైపు చూసినప్పుడు మాత్రం సుందరరావు గొంతు పలికేది. ఆమె తల వంచుకుని పని చేసుకునేది. కానీ ఆపడమనేది ఫ్యాక్టరీలో ఒక్కటే జరిగే పని కాదు కదా.

ఒకరోజు పొయ్యి మీద పాలు పొంగి కిందికి కారుతున్నాయి. నూకరత్నం స్టవ్ మీట మీద చెయ్యేసి అలాగే నిలబడి ఉంది. భర్త కాసులు పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. గ్రీజు చేతులతో లోపలికొచ్చి, "కట్టెయ్యవేటి?" అన్నాడు.

"కట్టెయ్యమంటావా?" అని అడిగింది.

కాసులు నవ్వాడు. తర్వాత కొన్నాళ్లకు నవ్వడం మానేశాడు. నీళ్ల మోటారు ఆపాలన్నా అడిగేది, ఫ్యాను ఆపాలన్నా అడిగేది. ఒక సాయంత్రం షేర్ ఆటోలో వస్తూ, తమ వీధి వచ్చినా "ఆపు బాబూ" అనలేక కొత్తపల్లి దాకా వెళ్లిపోయింది. అక్కడ దిగి, నడుచుకుంటూ వెనక్కి వచ్చింది. ఎందుకాలస్యమైందంటే చెప్పలేదు. కూతురు పడుకున్నాక ఏడుస్తూ చెప్పింది.

మర్నాడు కాసులు ఫ్యాక్టరీ గేటు దగ్గర సుందరరావు కోసం కాచుకున్నాడు.

"సార్, మీరెప్పుడూ మా ఇంటికి రాలేదండి. కానీ మీ గొంతు మా ఇంట్లోనే ఉంటందండి," అన్నాడు.

సుందరరావుకు అర్థం కాలేదు. కాసులు పాల సంగతి చెప్పాడు, ఆటో సంగతి చెప్పాడు. కోపంగా చెప్పలేదు. ఇంజన్లో ఎక్కడ తేడా ఉందో చెప్పినట్టు చెప్పాడు.

"మాయావిడ మిమ్మల్నేమీ అనదండి. తప్పు నాదే అంటది. కానీ ఓ మాటండి. పడవ మీద మా నాన్న నన్ను నానా బూతులూ తిట్టేవోడు. తెల్లారేసరికి ఆయనా మర్చిపోయేవోడు, నేనూ మర్చిపోయేవోణ్ణి. లేపోతే ఇద్దరం మళ్లీ ఒకే పడవెక్కుతామా అండీ?"

సుందరరావు లోపలికెళ్లి హెచ్.ఆర్. మేనేజరు వంశీధర్ గది తలుపు తట్టాడు. వంశీధర్ చిన్నవాడు, మర్యాదస్తుడు. ఎవరొచ్చినా లేచి నిలబడి మాట్లాడతాడు.

"సార్, నోటి హెచ్చరికకి ఆర్నెల్ల గడువుంది కదా. ఆ ఆర్నెల్లూ తప్పు చేయకపోతే ఫైల్లోంచి తీసేస్తాం," అన్నాడు సుందరరావు.

"అవునండి. నూకరత్నం గారిది కూడా గడువు కాగానే తీసేస్తాం."

"ఫైల్లోంచి తీసేస్తాం సార్. తల్లోంచి ఎలా తీస్తాం?"

వంశీధర్ బల్ల మీది ఫైలు మూశాడు. "పట్టీ వచ్చాక మనం ఒక్కర్ని కూడా తీసేయలేదు సుందరరావు గారూ. మీరే కదా అందరికంటే ఎక్కువ సంతోషించారు," అన్నాడు. అది నిజమే. సుందరరావు బయటికొచ్చేశాడు. రైతు బజారులో తనను చూసి కొందరు ఆడవాళ్లు పక్క సందులోకి ఎందుకు తప్పుకుంటున్నారో అతనికి ఆ ఆదివారం తెలిసింది. వాళ్లందరి తలల్లో తను మాట్లాడుతూనే ఉన్నాడు. కొత్తిమీర కట్ట చేతిలో పట్టుకుని అలా నిలబడిపోతే, "ఏమైందండీ?" అంది సీతామహాలక్ష్మి. "అలసటగా ఉంది, ఇంటికి పోదాం," అన్నాడు.

కంప్రెసర్ గదిలో గొట్టం పగిలిన రోజు ఫ్యాక్టరీకి కొనుగోలుదారులు వచ్చారు. మేడ మీద సమావేశం. ఫోన్లు బయట బల్ల మీద పెట్టి లోపలికి రమ్మన్నారు. సుందరరావు వెనక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎవరో తెర మీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడుతుంటే తలుపు తెరుచుకుంది.

నూకరత్నం. ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకుంది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె మాత్రం సుందరరావునే వెతుక్కుంది.

"సార్, గొట్టం దగ్గర గ్యాసొచ్చేస్తందండి," అంది ఆయాసపడుతూ. "లైను ఆపమంటారా?"

ఆ ప్రశ్న సుందరరావుకు వెంటనే బుర్రకెక్కలేదు. ఎర్ర మీట ఆమె కుర్చీకి చేతికందే దూరంలో ఉంటుంది. దాన్ని వదిలేసి ఆమె నడవా దాటి, ఆవరణ దాటి, మెట్లెక్కి అడగడానికి వచ్చింది.

"ఆపు!" అని అరిచాడు. "పరుగెత్తు, ఆపు!"

ఆమె అతనికంటే ముందే పరుగెత్తింది. ఆ మాట కోసమే వచ్చింది కదా. తిరిగి ఆ పొగలోకే వెళ్లి మీట నొక్కింది. కానీ అప్పటికే రొయ్యలు ఒలిచే హాలు తెల్లగా అయిపోయింది. ఆడవాళ్లు దగ్గుకుంటూ, ఒకరి మీద ఒకరు పడుతూ తలుపుల దగ్గర తొక్కుకున్నారు. ఎలాగో అందరూ బయటపడ్డారు. మోకాళ్ల నొప్పులున్న పేరమ్మ అందరికంటే వెనకపడింది. ఆమెను సుందరరావు, ఇంకొకరు కలిసి చంకల కింద పట్టుకుని ఈడ్చుకొచ్చేసరికి ఆమె కళ్లు తెరవలేకపోతోంది.

ఎవరూ చనిపోలేదు. ఆ మాట కంపెనీ వాళ్లు ఆస్పత్రి వరండాలో చాలాసార్లు అన్నారు. పేరమ్మకు ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది మసక. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి.

ఆ వరండాలోనే నూకరత్నం సుందరరావుతో చెప్పింది. "మీకు ఫోన్ చేశానండి. ఎత్తలేదు. చెయ్యి మీట మీదే ఉందండి. నొక్కుదామనేసరికి మీరు అన్నారు, నీకేం తెలుసని. నిజమే కదా, నాకేం తెలుసు, మళ్లీ బ్లీచింగేమో అనుకున్నానండి. మళ్లీ నొక్కబోతే మళ్లీ అన్నారు." గ్యాసు తగిలి కాలిన ఆమె చేతులకు కట్లున్నాయి. "పేరమ్మ పిన్ని నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిందండి."

విచారణ జరిగింది. ప్రమాదం తెలిసి కూడా ఆపరేటరు లైను ఆపలేదని తేల్చారు. తప్పు పెద్దది గనక నాలుగో మెట్టే వేయాలన్నారు కొందరు. వంశీధర్ ఆమె కోసం గట్టిగా వాదించి, శిక్షను రెండో మెట్టు దగ్గర ఆపించాడు. కాగితం మీద హెచ్చరిక, దాంతోపాటు మళ్లీ ఒకసారి పట్టీ. ఈసారి చెప్పాల్సిన వాక్యం, 'వాసన వస్తే ఎవర్నీ అడక్కుండా ఆపు.' మొదటిసారి చెప్పిన అధికారే చెప్పాలని నియమం.

ఆ నియమం విన్నాక సుందరరావు సెలవు పెట్టి విశాఖపట్నం బస్సెక్కాడు. పట్టీని కనిపెట్టిన డాక్టర్ కాత్యాయని అక్కడ పక్షవాతం వచ్చినవాళ్లకు చికిత్స చేసే కేంద్రంలో ఉంటుంది. అతను వెళ్లేసరికి ఆమె ఒక ముసలాయన పక్కన కూర్చుని జావ తాగిస్తోంది. ఆయన గుక్క నోట్లోకి తీసుకున్న ప్రతిసారీ ఆగి, గడ్డం ఛాతీకి ఆనించి, అప్పుడు మింగుతున్నాడు.

"గడ్డం దించకపోతే జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ జబ్బులో ఎంత చెప్పినా మర్చిపోతారు," అంది కాత్యాయని. "అందుకే వాళ్ల అమ్మాయి చేత పట్టీ పెట్టించి చెప్పించాం. ఒక్కసారి."

ముసలాయన వంకర మూతితోనే నవ్వి, చెవి చూపించి, "మా అమ్మాయి," అన్నాడు.

"మర్చిపోతే ప్రాణం పోయే మాటల కోసం దీన్ని చేశాను," అంది ఆమె. "ఫ్యాక్టరీలకు అమ్ముతామన్నప్పుడు యంత్రాల దగ్గర జాగ్రత్తలు చెప్పడానికన్నారు. తిట్లు చెబుతారనుకోలేదు." ఆమె కళ్ల కింద నల్లగా ఉంది. సుందరరావు లాంటివాళ్లు అంతకుముందు కూడా వచ్చారని అర్థమైంది.

"ఇప్పుడు రెండో మాట పెట్టమంటున్నారు మేడమ్. మొదటిదానికి ఎదురు మాట. అప్పుడు మొదటిది పోతుందా?"

"పోదు. రెండూ ఉంటాయి. ఒక గిడ్డంగిలో సరుకు మోసే మనిషికి అలాగే చేశారు. లోడు లేకుండా వెళ్లకు అని ఒకసారి, లోడు కోసం ఆగకు అని ఇంకోసారి. ఆ మనిషి ఇప్పుడు ఏ గుమ్మం దగ్గరికి వచ్చినా నిలబడిపోతాడు. ఎవరో చెయ్యి పట్టుకుని దాటించాలి."

"తీసేసే దారి లేదా మేడమ్?"

"చెరపడం నాకు చేతకాలేదు. ఐదేళ్లుగా చూస్తున్నాను." ఆమె గిన్నె పక్కన పెట్టింది. "కాస్త అణచొచ్చు. ఆ మాట ఎవరి గొంతులో ఉందో వాళ్లు ఎదురుగా కూర్చోవాలి. అది వినిపించే సమయానికి వేరే మాట చెప్పాలి. పట్టీ లేకుండా, మామూలుగా. మామూలు మాట మర్నాటికి పాతబడిపోతుంది, మళ్లీ వెళ్లి చెప్పాలి. ఎన్నాళ్లో నేను చెప్పలేను. ఒకరిద్దరికి కొంచెం గుణం కనిపించింది. మిగతాచోట్ల చెప్పేవాళ్లే విసుగొచ్చి మానేశారు."

సోమవారం వంశీధర్ గదిలో బల్ల మీద పట్టీ పెట్టి ఉంది. నూకరత్నం కుర్చీలో కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే పట్టీ తీసుకుని నుదుటికి తనే పెట్టుకుంది. సుందరరావు దీపం వెలిగించలేదు.

"కానివ్వండి సుందరరావు గారూ," అన్నాడు వంశీధర్.

"నేను చెప్పను సార్."

వంశీధర్ గొంతు తగ్గించాడు. "మీరు చెప్పకపోతే ఇది నాలుగో మెట్టుకు పోతుంది. రెండో మెట్టుకు ఒప్పించడానికే నా తలప్రాణం తోకకొచ్చింది. ఆవిడ ఉద్యోగం పోవడం మీకిష్టమా?"

"పెట్టేయండి సార్," అంది నూకరత్నం. "ఇంకో మాట పడితే ఏటైపోద్ది? నాకు ఉద్యోగం కావాలండి."

సుందరరావు వంగి ఆమె నుదుటి మీది పట్టీ విప్పాడు.

"ఆవిడ నా మాట తప్పలేదు సార్," అన్నాడు. "అడక్కుండా ఆపొద్దన్నాను. అడగడానికి ఆ గ్యాసులోంచి వచ్చింది. అంతకంటే బాగా మాట వినే మనిషి ఈ ఫ్యాక్టరీలో ఇంకెవరున్నారు? నేనన్న మాట తప్పు. రేపు ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు వస్తారు కదా, వాళ్లతో కూడా ఇదే చెబుతాను. ఆ రోజు నేనెలా అరిచానో కూడా చెబుతాను."

వంశీధర్ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. "వెళ్లండి. ఇద్దరూ వెళ్లండి," అన్నాడు.

నడవాలోకి రాగానే నూకరత్నం సుందరరావు మీద మండిపడింది. "నన్నడక్కుండా ఎందుకు తీసేశారండీ? నా ఉద్యోగం, నా తల. పోతే మీరిస్తారేటి ఉద్యోగం?"

ఆమె అన్నది న్యాయమే.

ఇన్‌స్పెక్టర్లు వచ్చి, సుందరరావు చెప్పింది రాసుకుని వెళ్లాక కంపెనీ వెనక్కి తగ్గింది. నూకరత్నాన్ని తీసేయలేదు, ప్యాకింగులోకి మార్చారు. అక్కడ జీతం తక్కువ, ఆపాల్సిన యంత్రాలు కూడా తక్కువ. పట్టీల్ని అల్మారాలో పెట్టి తాళం వేశారు. ఆ ఫ్యాక్టరీలో మాత్రమే. మిగతాచోట్ల అవి నడుస్తూనే ఉన్నాయి. సుందరరావును స్వచ్ఛందంగా పదవీ విరమణ చేయమన్నారు. సంతకం పెట్టి వచ్చేశాడు.

ఆ వారమే సాయంత్రం నూకరత్నం ఇంటికి వెళ్లాడు. డాక్టరు చెప్పింది చెప్పాడు. "ఈసారి అడుగుతున్నాను. నీకిష్టమైతేనే," అన్నాడు.

ఆమె కాసులు వైపు చూసింది. కాసులు, "నన్ను చూడకే. నీ ఇష్టం," అన్నాడు.

"రండి," అంది చివరికి.

వాకిట్లో ముక్కాలిపీట వేశారు. పని చాలా చిన్నది. ఆమె మోటారు దగ్గరికి వెళ్తుంది. ఆపబోతుంది. చెయ్యి ఆగిపోతుంది, ముఖం బిగుసుకుంటుంది. అప్పుడు సుందరరావు అనాలి, "ఆపేయమ్మా. నీకు తెలుసు. నన్నడగక్కర్లేదు." ఆపుతుంది. మళ్లీ వేస్తుంది. మళ్లీ మొదలు.

మొదట్లో అతను ఎదురుగా ఉంటే ఇంకా కష్టమైంది. లోపలి గొంతు, బయటి గొంతు ఒకటే అయ్యేసరికి ఆమెకు తల తిరిగి గోడ పట్టుకునేది. అరిచే సుందరరావే గెలిచేవాడు. ముందురోజు కాస్త పట్టు దొరికినట్టున్నది తెల్లారేసరికి జారిపోయేది. పక్కింట్లో ఉండే పేరమ్మ నల్లకళ్లద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చునేది.

"ఎవరే అది, ఫ్యాక్టరీ బాబేనా?" అని అడిగింది ఒకరోజు.

"నేనేనమ్మా."

"ఆ మాట కొంచెం మెత్తగా అను బాబూ. భయపడి అంటన్నావు."

నిజమే. అతను భయపడుతూనే అంటున్నాడు. ఎలా అంటే మెత్తగా ఉంటుందో తెలియక బస్సులో కూర్చుని పైకే గొణుక్కుంటూ వచ్చేవాడు. కండక్టరు వింతగా చూసేవాడు. కొన్ని రోజులు వెళ్లబుద్ధి కాలేదు. వానలు పట్టుకున్నాక మరీ. "రిటైరై ఇంకో ఉద్యోగం పెట్టుకున్నారు," అని గొణుగుతూనే సీతామహాలక్ష్మి గొడుగు అందించేది. అతని తిట్టు మోస్తున్నవాళ్లు ఊళ్లో ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లందరి ఇళ్లకూ తిరిగేంత ఆయుష్షు తనకు లేదని అతనికి తెలుసు. కొందరి తలుపులు తట్టాడు. ఇద్దరు రానిచ్చారు. ఒకతను తలుపు తీయకుండానే వెళ్లిపొమ్మన్నాడు.

వానాకాలం పోయి గాలి మారింది. సుందరరావుకు దగ్గు పట్టుకుంది. ఆ సాయంత్రం వాక్యం మధ్యలో దగ్గు తెరలు తెరలుగా వచ్చి మాట తెగిపోయింది. నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టబోయాడు.

"చాలండి," అంది నూకరత్నం.

"సరే. రేపు పెందలాడే వస్తాను."

"రేపు వద్దండి. ఇంక రాకండి."

కాసులు పని ఆపి తలెత్తాడు. సుందరరావు ఆమె ముఖం వైపు చూశాడు. ఆ బిగువు వచ్చింది. దవడలు కదిలాయి, చీరకొంగు వేళ్ల మధ్య నలిగింది. 'ఆపమంటారా' అని ఇప్పుడు అడుగుతుందని ఎదురుచూశాడు. ఆమె అడగలేదు.

"వినపడిందా?" అన్నాడు మెల్లగా.

"వినపడిందండి. ఇప్పుడూ వినపడతంది."

"మరి..."

"వినపడనీయండి. అది పోయేది కాదు. మీరు మాత్రం ఇంటికెళ్లి ముందు ఆ దగ్గు సంగతి చూసుకోండి."

అతను లేవగానే ఆమె పీట ఎత్తి గోడకు ఆనించి, లోపలికెళ్లిపోయింది. లోపల కూతురితో ఏదో అంటోంది. సుందరరావు నీళ్ల గ్లాసు అరుగు మీద పెట్టాడు. తేలికగా ఉందో, ఎవరో గెంటేసినట్టుందో తేల్చుకోలేకపోయాడు. చాలా అలసటగా ఉందని మాత్రం తెలిసింది. చెప్పులు వేసుకుని, అరుగు మీది పేరమ్మకు వెళ్లొస్తానని చెప్పి రోడ్డు వైపు నడిచాడు.